బ్రాందీ షాపు ముందరి స్టాపు

టికెట్ మిషన్ చీటీ కక్కే గరగర చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ తలెత్తి చూస్తాను. ఇవాళా చూశాను. కండక్టర్ ఎవరో కొత్తమనిషి. నాకు గుర్తొచ్చింది మాత్రం ఖాతూనక్క. పామిడి నుంచి వచ్చి అనంతపురంలో టౌన్ బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో రాసుకురావడం నా పని. ఎక్కేవాళ్లు లేని స్టాపులు తీసేయాలని ఆఫీసు ఆలోచన.

ఆసుపత్రికి పోయే దారిలో ఒక స్టాపు దగ్గర మూడు రోజులు నిలబడ్డాను. మగవాళ్లు నలుగురైదుగురు ఎక్కారు. ఆడవాళ్లు ఒక్కరూ లేరు. 'తొలగించవచ్చు' అని రాసుకుని ఖాతూనక్క బస్సులోనే తిరిగొస్తుంటే, ఆమె నా భుజం మీదుగా వంగి ఆ కాగితం చదివింది.

"ఏమప్పా, ఎక్కేవాళ్లు లేరని రాసినావు. నిల్చుకునేదానికి చోటు యాడుండాదో చూసినావా?"

"స్టాపు ఉంది కదక్కా."

"స్టాపు ఎనక ఏముండాది?"

బ్రాందీ షాపు. మూడు రోజులూ దానికి వీపు పెట్టి నిలబడ్డాను. నాకు అదొక ఇబ్బందిగా తోచలేదు.

మరునాడు డ్యూటీ దిగాక ఆమె నన్ను ఆ దారిలో తర్వాతి స్టాపు దాకా నడిపించింది. ఎండకు చాలా దూరమే అనిపించింది. అక్కడ ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. ఒకామె చంకలో బిడ్డ, చేతిలో అన్నం క్యారియరు. ఇల్లెక్కడని ఖాతూనక్క అడిగింది.

"ఆ బ్రాందీ షాపు సందులోనేక్కా. ఆడ నిల్చుకుంటే ఏమేమో అంటారు. అందుకే ఈడికి నడుచుకుంటా వస్తాండా."

నేను తీసేయమన్న స్టాపు ఆమె వాకిలికి పదడుగుల దూరంలో ఉంది.

రిపోర్టు తిరగరాశాను: తీసేయొద్దు, కాస్త ముందుకు, పిండిమర దగ్గరికి జరపాలి. పై అధికారి సంతకం పెట్టలేదు. ఖాతూనక్క సంతకం కోసం ఆగలేదు. డ్రైవరుకు చెప్పి రోజూ పిండిమర ముందు బస్సు ఆపించింది. మెమో ఇచ్చారు. సంజాయిషీ నేను రాసిపెడతానన్నాను.

"ఏముందప్పా రాసేదానికి? ఆపినాను, రేపూ ఆపుతాను. అంతే కదా."

అంతే రాసింది. ఆమెను టౌన్ బస్సు నుంచి తీసి దూరపు పల్లెల్లో తిరిగే గుమ్మఘట్ట రూటుకు వేశారు. తర్వాత వచ్చిన కండక్టర్లు ఆపకపోతే, అలవాటుపడిన ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపుకున్నారు. వాళ్ల లెక్క రాసి రిపోర్టు మళ్లీ పంపాను. ఈసారి సంతకం పడింది. కబురు చెబితే ఖాతూనక్క పెద్దగా సంతోషించలేదు.

"ఆడ లైటు పెట్టిచ్చినారా?" అని మాత్రం అడిగింది.

నాకు ఆ సంగతే తట్టలేదు. లైటు పడేసరికి ఆమె రిటైరైపోయింది.

ఇప్పుడు ఆ సంతకాలు పెట్టేది నేను. స్టాపు తీసేయాలని కాగితం వస్తే పక్కన పెట్టి, మా ఆవిడను వెంటబెట్టుకుని అక్కడికి వెళతాను. బస్సెక్కుదామంటాను గానీ ఎక్కడ నిలబడాలో చెప్పను. ఆమె ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ తర్వాతే పెన్ను తీస్తాను.