మిషన్ పిన్ని సొంత తలుపు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పిల్లలకీ పెద్దలకీ, చివరికి ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళకి కూడా మిషన్ పిన్నే. కుట్టుమిషన్ ముందు తప్ప ఆవిడను ఇంకోచోట చూసినవాళ్ళు తక్కువ. ఆ మిషన్ ఉండేది ఆవిడ అన్నయ్య ఇంటి ముందు వరండాలో. పగలంతా దాని ముందు కూర్చోవడం, రాత్రికి దాని పక్కనే మంచం వాల్చుకోవడం. ఇంట్లోకి దారి వరండా మీదుగానే కదా! పాలవాడు, అన్నయ్య స్నేహితులు, వదిన చుట్టాలు, ఒక్క గుండీ కుట్టించుకోడానికి వచ్చి గంటసేపు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పే అమ్మలక్కలు, అందరూ ఆవిడ మంచాన్ని రాసుకుంటూ వెళ్ళేవాళ్ళే. జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకుంటే దుప్పటి లాగి, "పిన్నీ, నా గౌను అయిందా?" అని అడిగిన ఘనులు కూడా ఉన్నారు. ఏం మనుషులో! నలభై దాటిన ఆడమనిషి, తలుపు వేసుకుని ఒక్కసారి తనివితీరా ఏడ్చి ఎరగదు.

ఇల్లు నాన్న కట్టింది. ఆయన పోయాక అన్నయ్యది అయింది. వెనక పెరడు మాత్రం ముందింటికి తీసిపోనంత ఉండేది. బట్టలారేసే తీగ, కాలు విరిగిన కుర్చీలు, నాచు పట్టిన తొట్టి తప్ప అందులో ఏమీ లేవు. ఒకరోజు అన్నయ్య మెడకు టేపు చుట్టి కాలరు కొలుస్తూ పిన్ని మెల్లగా మాట కదిపింది.

"అన్నయ్యా, పెరటిని వేరు చేసి నా పేరున పెట్టరాదూ? వెనక చిన్న ఇల్లు వేసుకుంటాను."

అన్నయ్య బస్సు కండక్టరు. 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అంటూ ఊరందర్నీ జరిపే మనిషి, ఇంట్లో మాత్రం వదిన జరగమన్న చోటికి జరిగేవాడు. మెడకు టేపు ఉండగానే తల తిప్పాడు.

"వేరు చెయ్యడం ఎందుకే పిచ్చిదానా? ఊరికే కట్టుకో. నేను నిన్ను వెళ్ళగొడతానా ఏంటి?"

"నువ్వెందుకు వెళ్ళగొడతావు? కానీ అప్పుడు కూడా తలుపు నీదే అవుతుంది కదన్నయ్యా."

అన్నయ్య మెడకున్న టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. సరేనన్నాడు.

స్థలాన్ని రెండు చెయ్యాలంటే వెనక భాగానికి వీధిలోంచి సొంత దారి ఉండాలట. ఆ దారికి ఇంత వెడల్పని సర్వే ఆఫీసువాళ్ళ లెక్క. ఇంటి పక్కన సందు ఎలాగూ ఉంది. ఒకవైపు పక్కింటివాళ్ళ ప్రహరీ, ఇంకోవైపు వదిన వంటగది గోడ. పిన్ని టేపు పట్టుకుని తనే కొలిచి, "బ్రహ్మాండంగా సరిపోయింది!" అని చేతులు దులుపుకుంది. దరఖాస్తు పెట్టారు. మేస్త్రీని మాట్లాడారు. ఇటుకలు కూడా దిగాయి. పిన్ని ఆ వారమంతా మిషన్ తొక్కుతూ కూనిరాగాలు తీసింది.

తర్వాత సర్వేయరు వచ్చి ఇనుప టేపుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"బెత్తెడు తక్కువొచ్చింది. ఎవరమ్మా ముందు కొలిచింది?"

"నేనేనండీ..." అంటూ పిన్ని తన టేపుతో మళ్ళీ కొలవబోయింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఎవరి ఒళ్ళు కొలిచినా టేపు కింద రెండు వేళ్ళు పెట్టి, వేసుకునేవాళ్ళకు ఊపిరాడేంత వదులు వదలడం ఆవిడ చేతికి అలవాటు. సందును కొలిచేటప్పుడు కూడా టేపు జరిపిన ప్రతిసారీ అలాగే రెండు వేళ్ళు కలుపుకుంటూ పోయింది.

"సందుకు చొక్కా కుడుతున్నాననుకున్నావుటే!" అన్నాడు అన్నయ్య. అందరూ పకపకా నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మొహం మాడిపోయింది.

బెత్తెడైనా తక్కువ తక్కువే, దారి లేకపోతే స్థలాన్ని రెండు చెయ్యడం కుదరదు అన్నాడు సర్వేయరు. వంటగది గోడ పడగొట్టి లోపలికి జరిపి కట్టుకుంటే తప్ప లాభం లేదన్నాడు మేస్త్రీ. అందరి చూపులూ ఆ గోడకున్న కిటికీ మీదికి పోయాయి. కిటికీలో వదిన నిలబడి ఉంది. అన్నీ వింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

వదిన నోరు ఎలాంటిదో వీధంతటికీ తెలుసు. ఆ వంటగదిలో గరిటె ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారితే ఆ పూట ఇల్లు దద్దరిల్లేది. "ఆ గోడ సంగతి మాత్రం నేను అడగలేనమ్మా. మూడు పూటలా ఆవిడ చేతి తిండి తినాల్సినవాణ్ణి" అని అన్నయ్య డ్యూటీకి జారుకున్నాడు. పిన్నికి మాత్రం అడిగే మొహమేది? కొలత తప్పింది తను. ఇటుకలు వెనక్కి తీసుకుపొమ్మని మేస్త్రీకి కబురంపింది. ఆ సాయంత్రం ఎవరిదో చొక్కాకు చేతులు తిరగేసి కుట్టింది పాపం.

పొద్దున్నే గిన్నెల చప్పుడుకు పిన్ని ఉలిక్కిపడి లేచింది. వదిన వంటగదిలోని సామానంతా మోసుకొచ్చి వరండాలో పేరుస్తోంది. కొంగు నడుముకు దోపుకుని ఉంది. అయిపోయింది, ఇవాళ తన పని పట్టడానికే దిగిందనుకుంది పిన్ని.

"వదినా, కోప్పడకు. ఇటుకలు పంపించేస్తున్నాను."

"పంపించి? ఇంకో ఇరవయ్యేళ్ళు నా గుమ్మానికి అడ్డంగా పడుకుంటావా?" అంది వదిన. ఇటుకల కోసం వచ్చిన మేస్త్రీ వైపు తిరిగింది. "గుడ్లప్పగించి చూస్తావేంటయ్యా? గోడ కొట్టు!"

వదిన మంచం మీద చతికిలబడి మొహం తుడుచుకుంది. గొంతు తగ్గించింది.

"ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఏ గదిలో కాలు పెట్టాలన్నా మీ అమ్మనడగాల్సొచ్చేది. ఆవిడ మంచాన పడ్డాక వంటగది నా చేతికొచ్చింది. ఆ రోజు ఏం చేశానో తెలుసా? తలుపు దగ్గరికేసుకుని నిలబడ్డాను. వంటా లేదు, పనీ లేదు. ఊరికే అలా నిలబడ్డాను. అదెలా ఉంటుందో నాకు తెలుసమ్మాయ్. నీకింకా తెలీదు."

అవతల గోడ దబ్బున కూలింది. దుమ్ము సర్దుకునేసరికి ఎండ వంటగది మధ్యదాకా వచ్చి పడింది. పిన్ని మాత్రం ఆ వైపు చూడలేదు. కళ్ళు విప్పార్చుకుని వదిననే చూస్తోంది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఈ మనిషి లోపల ఇంత ఉందని తనకెందుకు తెలియలేదు? దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకుంది.

వంటగది ఇరుకైపోయింది. వదిన సణుక్కుంటూనే అందులో సర్దుకుంది. పెరట్లో గోడలు లేచాయి. పిన్ని పని మధ్యలో ఏదో ఒక వంకతో వెనక్కి పరిగెత్తేది. నిన్నటిదాకా తుక్కు పడున్న చోట ఇవాళ కిటికీ! దాంట్లోంచి చూస్తే ఆకాశం! అమ్మో, ఇదంతా తనకేనా? తడి గోడ మీద అరచెయ్యి ఆనించి, ఆ చల్లదనానికి ఒళ్ళు జలదరించి, నిజమేనని తేల్చుకుని వెళ్ళేది. స్థలం రెండయి తన వాటాకు వేరే నంబరు వచ్చిన రోజు ఆ అంకెల్ని చిన్నపిల్లలా పైకి చదివి చదివి అన్నయ్య చేత చీవాట్లు తింది.

సామాను చేర్చిన రోజు వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, పిన్ని తలుపు వేసింది. గడియ పెట్టింది. గది మధ్యలో నిలబడింది. దుప్పటి లాగేవాళ్ళు లేరు, తోసుకుపోయేవాళ్ళు లేరు. ఎంత నిశ్శబ్దం! తన ఊపిరి తనకే వినిపిస్తోంది. ఇంత పెద్ద నిశ్శబ్దం ఇంత చిన్న గదిలో ఎలా పట్టిందో ఆవిడకు అర్థం కాలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు కూడా.

అంతలో తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. పిన్ని బిత్తరపోయింది. తన కోసం తలుపు తట్టడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గడియ తీసింది. వదిన. ఎవరి మాట కోసమూ ఎన్నడూ ఆగని వదిన, చేతిలో మూత పెట్టిన గిన్నెతో గుమ్మం అవతలే నిలబడి ఉంది.

"లోపలికి రావచ్చా?" అంది.

పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రమ్మనేదాకా వదిన గడప దాటలేదు.