సోమన్న గారి రెండు ముక్కలు

నిన్న మా పెరటికి దడి కట్టడానికి కూలీలు వచ్చి పొద్దుటినుంచీ వెదుళ్ళు చీల్చారు. పచ్చి వెదురు ఫటుక్కున విచ్చుకున్నప్పుడు, తడి గడ్డిని అరచేతిలో నలిపినట్టు ఒక వాసన వస్తుంది. పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నవాణ్ణి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకది సోమన్న గారి విల్లు వాసన. ఆయన వింటికి నారతాడు కట్టేవారు కాదు. వెదురు పైపొరను సన్నని బద్దగా తీసి, కత్తితో నున్నగా గీకి, దాన్నే తాడుగా బిగించేవారు. అది లాగినప్పుడు కిర్రుమనేది. ఆ శబ్దం కూడా నిన్న వినిపించినట్టే అయింది.

ఇది చదివేవాళ్ళెవరూ సోమన్న గారిని చూసి ఉండరు. కొయ్యూరు పైన కొండల్లో పదిహేను గడపల ఊరు ఆయనది. పొట్టి మనిషి. ఎప్పుడో ఎలుగుబంటి గీరిన చోట ఎడమ చెవి పైన తలమీద వెంట్రుకలు మొలవలేదు. నర్సీపట్నం చుట్టుపక్కల దొరలెవరు వేటకు వచ్చినా దారి చూపించడానికి ఆయన్నే పిలిచేవారు. పందొమ్మిదివందల ఇరవైల నాటి మాట ఇది. అప్పుడు నేను నర్సీపట్నం తాలూకా కచేరీలో గుమాస్తాను. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, బాగా ఇంగ్లీషు వచ్చినవాణ్ణని పేరు. నిజానికి నాకు ఇంగ్లీషు కంటే బాగా వచ్చింది ఇంకొకటి ఉంది. పైవాళ్ళ మొహం చూసి, వాళ్ళకు నచ్చేలా మాట తిప్పడం. ఆ విద్యలో నన్ను మించినవాడు కచేరీలో లేడని లోలోపల గర్వపడేవాణ్ణి కూడా.

ఆ ఏడు చలికాలంలో ఒక దొర వచ్చాడు. అందరూ తుపాకులతో వస్తే ఈయన విల్లుతో వచ్చాడు. మనిషంత ఎత్తు విల్లు. ఆఫ్రికాలో అడవి గేదెను బాణంతోనే కొట్టాడట, ఇప్పుడు మన అడవిదున్నను కూడా అలాగే కొట్టాలట. మా తహసీల్దారు గారు నన్ను పిలిచి, దొరకూ ఆ కొండవాడికీ మధ్య నువ్వే దుబాసీవి, దొరగారికి ఏ లోటూ రానివ్వకు అన్నారు. నాకు అర్థమైంది ఆ చివరి మాట ఒక్కటే.

అడవి బంగళాలో బస. తెల్లవారగానే బయలుదేరి ఒక వాగు ఒడ్డుకు చేరాం. అక్కడి ఉప్పుమట్టి నాకడానికి దున్నలు వస్తాయి. పొద చాటున ముగ్గురం కూర్చున్నాక సోమన్న గారు గొంతు తగ్గించి నాతో అన్నారు.

"దున్న మనకేసి తిరిగి ఉంటే ఎయ్యొద్దని సెప్పు బాబూ. నాను భుజం మీద సెయ్యి ఏసినాకే ఎయ్యాల."

వద్దు అనే మాట దొర ముందు నా నోట ఎప్పుడూ వచ్చింది కాదు. అందుకని, దొరగారి నైపుణ్యం లోకమంతా ఎరిగినదే గనక వీడు చెప్పవలసింది ఏమీ లేదనీ, తమకు వీలుగా ఉంటే మాత్రం వీడు తాకేవరకు ఓపిక పట్టవచ్చేమోనని మనవి చేసుకుంటున్నాడనీ చెప్పాను. దొర చిరునవ్వు నవ్వి తల ఊపాడు. నా పని చక్కబెట్టాననుకున్నాను. సోమన్న గారు మాత్రం నావైపు ఒకలా చూసి వాగువైపు తిరిగారు.

దున్న వచ్చింది. నేను అంతకు ముందు చూడలేదు. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా తెల్లగా మేజోళ్ళు తొడిగినట్టున్న కాళ్ళు, నా ఎత్తున మూపు. మట్టి నాకుతూ నాకుతూ తలెత్తి మావైపు చూసింది. సోమన్న గారి చెయ్యి ఇంకా లేవనే లేదు, దొర బాణం వదిలేశాడు. అదే క్షణాన దున్న పక్కకు తిరిగింది. బాణం కడుపులో దిగింది. అడవి విరుచుకుపడ్డట్టు చప్పుడు చేసుకుంటూ అది వెళ్ళిపోయింది.

సోమన్న గారు వెళ్ళి ఆకుమీద పడ్డ నెత్తురు వేలితో తీసి చూశారు. అందులో పచ్చగా గడ్డి పసరు. తిరిగొచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"నాను సెప్పింది రెండు ముక్కలు. నువ్వు సెప్పింది శానా పొడుగుంది. ఏటి కలిపినావు బాబూ?"

ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పొడుగు మాత్రం చూసుకున్నారు. దొరికిపోయానని తెలిసినా పొగరు చావక, "ఒరే సోమన్నా, దొరలతో ఎలా మాట్లాడాలో నీకు తెలీదురా" అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే తేలిగ్గా ఉండేది.

"కడుపులో దెబ్బ తగిల్న దున్న బేగి సావదు, కోపంతో తిరుగుతాది. రేపు సంత. మా ఆడోళ్ళు సింతపండు మూటలెత్తుకుని ఈ దారంటే దిగుతారు. నా కూతురు సంకలో గుంటనేసుకుని దిగుతాది. దాన్ని పడగొట్టకుండా నాను ఇంటికెల్లను. ఎవుడు బాణమేసినాడో ఆడే ఎనకాల నడవాల, అది మా కొండ మరియాద. దొరని రమ్మను."

ఆయన నడుముకు సొరకాయ బుర్రలో అంబలి ఉంది. దాన్ని విప్పకుండా మూత ఇంకా గట్టిగా బిగించారు. గాయపడ్డ జంతువు కాళ్ళమీద ఉండగా వేటగాడు ఏమీ తాగడు, తినడు. ఈలోగా దొర విల్లు భుజానికి తగిలించుకుని, అది ఎక్కడో పడి చస్తుంది, కొమ్ములు రేపు వెతికించండి, టీకి వేళయింది అన్నాడు.

అప్పుడు నాకు కనిపించింది దున్న కాదు, సంతదారిన బిడ్డను ఎత్తుకుని దిగుతున్న, నేనెప్పుడూ చూడని ఆ మనిషి. ఆ బాణం దొర వేసినా, దాన్ని వేయించింది నా నాలుక. ఉద్యోగం పోతే పోయిందనుకుని దొరతో చెప్పాను. ఈయన మిమ్మల్ని వేయవద్దన్నాడు, నేను ఆ మాట మార్చి చెప్పాను, తప్పు నాది. ఇప్పుడు మీరు వెనకాల నడవాలంటున్నాడు, ఈసారి ఏమీ మార్చలేదు. దొర మొహం ఎర్రబడింది. నన్ను చూశాడు, సోమన్న గారిని చూశాడు, తన చేతిలో ఉన్న టీ ఫ్లాస్కును చూసుకుని తిరిగి సంచిలో పడేశాడు. "పద" అన్నాడు.

మధ్యాహ్నం దాటేదాకా నడిచాం. ఒకచోట సోమన్న గారు జాడ వదిలేసి మమ్మల్ని చుట్టుతిప్పి మెరక మీదికి ఎక్కించారు. నాకేమీ అర్థం కాలేదు. పైకి వెళ్ళాక చూస్తే, దున్న వెనక్కి తిరిగొచ్చి, మేము నడిచి రావలసిన దారికి పక్కనే పొదలో నిలబడి మా కోసమే కాచుకుని ఉంది. జాడ పట్టుకుని వెళ్ళి ఉంటే ఈ జ్ఞాపకం రాసేవాడు ఉండేవాడు కాదు. ఇరవై అడుగుల దూరం. పక్క తిరిగి ఉంది. సోమన్న గారు నన్ను దొర పక్కకు జరిపి, అతని భుజం మీద నా చెయ్యే వేయించి, తన విల్లు రెండు చేతులా కిర్రుమనిపించి సిద్ధంగా పట్టుకున్నారు. ఆయన కళ్ళతో చెప్పినప్పుడు నేను నొక్కాలి. గాలి ఆగింది. ఆయన రెప్ప వాల్చారు. నేను నొక్కాను. దొర బాణం ముంగాలి వెనక ఈకల దాకా దిగింది. దున్న నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూర్చుంది, ఇక లేవలేదు.

సోమన్న గారు బుర్ర విప్పి ముందు దున్న మూతి దగ్గర కొంచెం అంబలి పోశారు. తరువాత తాను తాగి దొరకు ఇచ్చారు. దొర తాగి నాకిచ్చాడు. మా ఇంట్లో వాళ్ళు వింటే స్నానం చేయించి గాని లోపలికి రానివ్వరు. తాగాను. పుల్లగా, చల్లగా ఉంది. అంత రుచైనది మళ్ళీ తాగలేదు.

సాయంత్రం బంగళా ముందు తహసీల్దారు గారు, మరి కొందరు ఆఫీసర్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వేట ఎలా జరిగిందో ఈ మనిషి నోటనే వినాలని దొర అడిగాడు. సోమన్న గారు చేతులు కట్టుకోకుండా నిలబడి చెప్పారు. "దొర మొదటి బాణం సెడ్డది. రెండోది మంచిది. దున్న మాత్రం మొదటినుంచీ మంచిదే."

అందరూ నావైపు చూశారు. "సోమన్న గారు ఇలా అంటున్నారు," అని తెలుగులోనే మొదలుపెట్టి, మూడు ముక్కలనూ మూడు ముక్కలుగానే ఇంగ్లీషులో చెప్పాను. దొర లేచి టోపీ తీసి, సోమన్న గారికి చెయ్యి అందించాడు. ఆ తరువాత తహసీల్దారు గారు నన్ను పక్కకు పిలిచి, "సోమన్న గారా?" అన్నారు. "అవునండీ" అన్నాను. నా జీవితంలో నేను పలికిన మాటల్లో నాకు బాగా నచ్చినవి ఆ రెండే, ఆ "గారు", ఆ "అవునండీ".

తరువాత నేను కోర్టు దుబాసీనయ్యాను. కొండవాళ్ళ సాక్ష్యం ఇంగ్లీషులో చెప్పడమే ఉద్యోగం. సంతకు దిగినప్పుడల్లా సోమన్న గారు కోర్టు గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చునేవారు. సాక్షి మాట్లాడుతుంటే ముక్కకొకటి చొప్పున వేళ్ళు మడిచేవారు, నేను మాట్లాడుతుంటే విప్పేవారు. బయటికి వచ్చాక చేతులు చూపించి, "సరిపోనాయి బాబూ" అనేవారు. ఒక్కోసారి ఒక వేలు మడిచే ఉండేది, నేనొక ముక్క వదిలేశానని. ఆ రాత్రికి నాకు అన్నం సయించేది కాదు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పోయాక కూడా కోర్టులో ప్రతి మాటా పూర్తిచేసి నేను గుమ్మంవైపు చూసేవాణ్ణి. ఇప్పుడు ఇది రాసి, మొదటినుంచి మళ్ళీ చదివాను. నా గురించి గొప్పగా రాసుకున్న రెండు వాక్యాలు కొట్టేశాను. చెప్పవలసింది ఇంకొకటేదో మిగిలి ఉన్నట్టే ఉంది. పెరట్లో ఇవాళ కూడా వెదురు చీలుతోంది. నా కళ్ళకు మాత్రం, గుమ్మం దగ్గర ఆయన ఇంకా ఒక వేలు మడిచే పట్టుకుని కూర్చున్నారు.