ఇర్మా విన్న గొంతు

"నాన్న పదో తారీఖునుంచి నోరు మెదపలేదు, పక్షవాతం! పద్నాలుగున నీకు ఫోన్లో సరే అన్నదెవరు, దయ్యమా?" పాలెట్ బల్ల మీద చరిచింది.

"మీ నాన్న క్లైడే. నవ్వాడు కూడా," అంది ఇర్మా తొణక్కుండా.

"సంతకం ఏదీ? చూపించు!"

ఇర్మా పన్నుల కొట్టులో ఇరవై రెండేళ్లుగా పక్క బల్ల మీద లెక్కలు చూస్తున్న ఎమెట్ తలెత్తలేదు. పన్ను లెక్కలు దాఖలు చేసే గడువు పెంచమని సర్కారును కోరడానికి మనిషి సంతకం అక్కర్లేదు, నోటిమాట చాలు. దాంతోపాటే అతని బ్యాంకులోంచి పన్ను లాగాలంటే మాత్రం సంతకం పెట్టిన కాగితం ముందే చేతిలో ఉండాలి. క్లైడ్ కాగితం లేదు. డబ్బు మాత్రం ఖాతాలోంచి పోయింది. దాంతో ఆస్పత్రికిచ్చిన చెక్కు తిరిగొచ్చింది.

"పైకి రాస్తా. నీ కొట్టు మూయిస్తా," అని పాలెట్ తలుపు విసిరికొట్టి వెళ్లింది.

ఇర్మా పందొమ్మిదో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి జాన్స్‌టౌన్ ఊరి గొంతులన్నీ చెవికెక్కించుకుంది. అది మూతపడ్డాక ఈ పన్నుల కొట్టు పెట్టింది. "సంతకం ఎవడైనా గీకుతాడు. గొంతునెక్కడ దొంగిలిస్తాడు?" అనేది. పన్ను గడువు ముంచుకొచ్చే ఏప్రిల్లో స్టీలు మిల్లు వాళ్లు ఫోన్ చేసి సరే అంటే చాలు, పుస్తకంలో రాసుకుని అర్జీ పంపేసేది. సంతకాలు తర్వాత, తీరిగ్గా. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ బెడిసికొట్టలేదు.

ఆమెను కాపాడే ముక్క ఏదైనా దొరుకుతుందేమోనని ఎమెట్ ఆ పుస్తకం తెరిచాడు. ఏప్రిల్ పద్నాలుగు. క్లైడ్, మూడూ పది, సరే అన్నాడు, నవ్వాడు. అక్షరాలు ఎక్కడా వణకలేదు.

కింద ఇంకో పేరుంది. స్టాన్లీ బోద్నార్, మూడూ పాతిక, సరే అన్నాడు.

స్టాన్లీ శవపేటికను అంతకుముందు నవంబరులోనే ఎమెట్ తన భుజం మీద మోశాడు. పైగా ఆ మధ్యాహ్నమంతా అతను ఈ కుర్చీలోనే ఉన్నాడు. ఫోన్ మోగిన గుర్తే లేదు.

ఇర్మా అతని మొహం చూసింది. ఏ పేరు దగ్గర ఆగాడో అడగలేదు. ఫోన్‌ను మెల్లగా అతని బల్ల మీదికి జరిపింది.

"ఇకమీదట నువ్వే ఎత్తు, ఎమెట్. అవతల నిజంగా మనిషున్నాడో లేడో విని చెప్పు."

గదిలో గోడ గడియారం తప్ప ఏ చప్పుడూ లేదు.

"ముందు ఇది ఎత్తవయ్యా," అంది ఇర్మా. "ఇందాకట్నుంచీ మోగుతోంది."