వేకువ ప్రార్థనా, ఎర్ర గుర్తూ

నీతిమంతుడవైన దేవా, నీకు స్తోత్రం. నిందపడినవారి తల ఎత్తేవాడా, దాగినదాన్ని వెలుగులోకి లాగేవాడా, నీ నామానికి మహిమ. ఈ మాట ముందు చెప్పకుండా జరిగినది చెప్పలేను.

రేపల్లెలో మా నాన్న సంఘంలో ఉపదేశి. వాక్యం కంఠతా పట్టించి, పగను దేవుడికి వదిలేయమని నేర్పాడు. వదిలేశాను. త్వరగా తీర్చమని మాత్రం పూటపూటా అడిగాను.

పెళ్ళై బాపట్ల వచ్చాక తెనాలిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. ఏ రోజు చదవాల్సిన వాక్యభాగాన్ని ఆ రోజు ఫోన్లో చూపించే యాప్ మా పని. మేం రాసిన కోడ్‌ను సర్వర్ కూర్చి, పరీక్షించి, బాగుంటే పచ్చ గుర్తు, లేకుంటే ఎర్ర గుర్తు చూపిస్తుంది. మా టీమ్ లీడర్‌దీ, యజమానిదీ బాపట్లలో మేం వెళ్ళే సంఘమే. ఆదివారం వేకువ ప్రార్థన ముగియగానే టీమ్ లీడర్ చర్చి వరండాలో నిలబడి, యాప్ కొత్త రూపానికి ఆ ఆదివారం తేదీ వేసి, ఫోన్లోనే విడుదల బటన్ నొక్కేవాడు. తెల్లవారకముందే పంపితే ఆశీర్వాదమని అతని నమ్మకం.

నేను తేదీల భాగం తిరగరాశాక ఆ విడుదల ఎర్రబడడం మొదలైంది. మిగతా రోజులు ఆఫీసు వేళల్లో అంతా పచ్చే. నా కంప్యూటర్లో బాగానే ఉందంటే అందరూ నవ్వారు. అతను అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం వేకువ ప్రార్థనలో, మా యజమాని కూడా మోకాళ్ళ మీద ఉండగా గొంతెత్తి ప్రార్థించాడు.

"ప్రభువా, నీ పనికి అడ్డొస్తున్న ఒక సోదరి చేతుల్ని శుద్ధి చెయ్యి తండ్రీ."

మూసిన కళ్ళన్నీ నా వైపు తెరుచుకున్నాయి. నేనూ ఆమేన్ అన్నాను. ఇంకోసారి ఎరుపు వస్తే వేరే ఉద్యోగం చూసుకోమని యజమాని మెత్తగా చెప్పాడు.

అప్పుడు కంటైనర్ పట్టుకున్నాను. సర్వర్ లోపలి ఏర్పాటు మొత్తాన్ని మూట కట్టి మన కంప్యూటర్లోనే విప్పుకునే పద్ధతి అది. సర్వర్ వాడే ఆ మూటనే ఇంట్లో దించుకున్నాను. పగటిపూట ఎన్నిసార్లు నడిపినా పచ్చే. మరి అతను నొక్కే వేళకే నడిపితే? ఆ ఆదివారం ప్రార్థన మానేసి వంటింటి బల్ల ముందు కూర్చున్నాను. బయట ఇంకా చీకటి. విడిగా నడిపితే పచ్చ. కంటైనర్లో ఎరుపు. ఈ రోజు ఏ రోజని కంటైనర్‌ను అడిగితే శనివారమంది. అది ఇంగ్లండు గడియారం చూస్తోంది. మనకు తెల్లవారబోతున్నా దానికి ఆదివారం ఇంకా పుట్టలేదు, అందుకే ఆదివారం తేదీ వేసిన విడుదలను తప్పంటోంది. భారత సమయం పెట్టే కోడ్ వరుస ఒకటి అందులో ఉండాలి, లేదు. ఎవరు ఏం మార్చారో చూపించే చిట్టా తిరగేస్తే, మూట బరువు తగ్గిస్తున్నానని ఆ వరుస తీసేసింది అతనే. నేను తేదీలు తిరగరాసిన వారమే.

ఫోన్ మోగింది. టీమ్ లీడరే.

"ప్రార్థనకి రాలేదేంటమ్మా? మళ్ళీ ఎర్రగా వచ్చింది, చూశావా?"

"చూశానండి అన్నయ్యగారూ. మా ఇంట్లో కూడా వచ్చిందండి."

"ఒప్పుకున్నావన్నమాట," అని నవ్వాడు.

నవ్వనిచ్చాను.

ఆ ఉదయం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచాను. మా సంఘంలో సాక్ష్యాన్ని ఎవరూ మధ్యలో ఆపరు. చెప్పడం అయ్యాక అందరూ స్తోత్రం అనాలి. గడియారం సంగతి పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పి, చివరికి అన్నాను.

"నా చేతుల కోసం ప్రార్థించిన అన్నయ్యగారి చేతే ఆ వరుస తీసేసిందని దేవుడు చూపించాడండి. ఆయనకే మహిమ."

స్తోత్రం అన్నారందరూ. ముందు బెంచీలో ఉన్న అతనూ అనాల్సి వచ్చింది. ఆ ఒక్క గొంతు కోసమే చెవులు రిక్కించాను. తేనెలా ఉంది.

సోమవారం యజమాని నా ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు. ఆ వరుసను అతని చేతే తిరిగి పెట్టించాడు. అతను పక్కన కారణం రాయాల్సిన చోట 'చిన్న సవరణ' అని రాశాడు. మోకాళ్ళ మీద అన్న మాటను మాత్రం ఈ రోజు వరకూ వెనక్కి తీసుకోలేదు.

చదువుతున్న మీరూ నాతో తల వంచండి. నన్ను నిందించిన ఆ వేకువ ప్రార్థనలోనే, ఆ మోకాళ్ళ మీదే, ఆ నోటే నిజం పలికేదాకా అతనికి నిద్ర పట్టనివ్వొద్దని ప్రభువును అడుగుదాం. ఆ తర్వాత క్షమించే మనసు నాకిమ్మని కూడా అడగండి. అంతకు ముందు వద్దు. ఆమేన్.