చేతికి తగ్గ మిషన్

ఆపా పోయిందని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆపా దగ్గర నాతోపాటు టైపు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు వర్నిలో ఉంటుంది. "ఇగ లేదే, మన ఆపా ఇగ లేదు" అని ఒకటే ఏడుపు. నిజామాబాద్‌లో ఆఫీసుకు బయలుదేరుతున్నదాన్ని అటు నుంచి అటే పోయి బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా చెరకు బండ్లు అడ్డం వస్తుంటే ప్రతి డ్రైవర్‌నూ తిట్టుకుంటూ పోయాను. వాళ్లేం చేశారు పాపం! ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆపా అంటే ఉర్దూలో అక్క. బోధన్‌లో ముసలివాళ్లు కూడా ఆమెను అలాగే పిలిచేవాళ్లు. నేను చేరేసరికి జనాజా లేచి, మగవాళ్లు శ్మశానానికి వెళ్లిపోయారు. ఆడవాళ్లమంతా ఇంట్లోనే ఉండిపోయాం. చుట్టూ చూస్తే ఒకామె కోర్టులో స్టెనో, ఒకామె మండల ఆఫీసులో టైపిస్టు, ఇంకొకామె సొంతంగా జిరాక్స్ షాపు నడుపుతుంది. అందరం ఆపా మేడగది మెట్లెక్కినవాళ్లమే.

ఆ మేడగది బజారులో ఒక పిండి గిర్ని మీద ఉండేది. ఆపా అక్కడ టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పేది. కింది నుంచి పిండి లేచి మిషన్లలో పడకుండా కిటికీలకు తడిబట్ట కట్టేది. అయినా నమ్మకం లేదు, రోజూ పొద్దున బ్రష్షు పట్టుకుని అక్షరాల సందులన్నీ తుడిచేది.

నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో బీడీలు చేస్తున్న రోజులవి. మా అవ్వదీ అదే పని. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. టైపిస్టు పోస్టుకు లోయర్ పరీక్ష పాసై ఉండాలని ఎవరో చెబితే, నేర్చుకుంటానని మొండికేశాను. అవ్వ ఒళ్లో బీడీల చాట దించకుండానే తేల్చేసింది.

"ఒక్కపారి రాయి. పాసైతివా, నీ బతుకు నీది. తప్పినవంటే మల్ల గీ మాటెత్తద్దు, చాట ముంగట కూసో."

ఆ చాట ముందు నుంచి లేవడానికి నాకు దొరికింది ఆ ఒక్క పరీక్షే.

మొదటిసారి గుమ్మంలో నిలబడి ఆ గదిలోకి చూశాను. వరసగా మిషన్లు, ఒక్కోదాని మీద ఆపా కుట్టిన గుడ్డ తొడుగు. అన్నీ ఆఫీసులు మూలకు పడేసినవే. కొని తెచ్చి, తానే విప్పి, నూనె పెట్టి, మళ్లీ పలికించింది. ఏ రెండు టేబుళ్లూ ఒక ఎత్తున లేవు. ఒకదాని కాళ్ల కింద చెక్క ముక్కలు, ఒకదాని కాళ్లు కోసి పొట్టి చేసినవి. మనిషిని కూర్చోబెట్టి, మోచేతులు ఎక్కడికి వస్తున్నాయో చూసి గానీ సీటు ఇచ్చేది కాదు. టైలరు దగ్గరికి వచ్చామా అనిపించేది. "నడుము నొస్తే వేళ్లు అబద్ధమాడుతయి బేటా" అనేది.

ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, అట్టల మీద అక్షరాల గళ్లు గీసి ముందు వాటి మీద నేర్పితే ఇంకా చాలామందిని చేర్చుకోవచ్చు కదా అని సలహా ఇచ్చాడు. ఆపా ఆయనకు చాయ్ పోస్తూనే ఉంది.

"నీళ్లు లేని బాయిల ఈత నేర్పుమంటవా భాయ్? వేలు ఒత్తితె అక్షరం లేవాలె. తప్పు కొడితె తప్పు కనవడాలె. అట్ట ఏం చెప్తది?"

ఆయన చాయ్ తాగి దిగిపోయాడు. ఎన్ని మిషన్లుంటే అంతమందే, మిగతావాళ్లు ఆగాల్సిందే. తర్వాత కంప్యూటర్లు తెచ్చినా, మిషన్ మీద చెయ్యి తిరగందే వాటిని ముట్టనిచ్చేది కాదు.

నా తంటా వేరే. బీడీ చుట్టాక దాని మూతిని గోటితో లోపలికి గట్టిగా ఒత్తాలి, లేకపోతే తంబాకు రాలిపోతుంది. నేను మీటల్ని కూడా అలాగే పొడిచేదాన్ని. ఇంగ్లిషు ‘ఓ’ కొట్టిన చోటల్లా కాగితానికి గుండ్రటి చిల్లు. ఆపా నా కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

"ఏందే బిడ్డా, టైపు చేసినవా, జల్లెడ చేసినవా?"

గదంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. "నాయి బీడీల చేతులు ఆపా, గింతకన్న మెత్తగ రావు" అన్నాను.

ఆపా నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. "గీ చేతులకేమైంది? పని నేర్చిన చేతులు. చూడకుంటనే ఆకు చుడ్తవు నువ్వు. మిగతోళ్లకు చూడకుంట కొట్టుడు నేర్పెతందుకే నా పానం పోతది. నీకు కొత్త చేతులెందుకే, తగ్గ మిషన్ కావాలె గని."

మర్నాడు ప్రతి మిషన్ ముందూ కూర్చోబెట్టి కొట్టించింది. చివరికి బరువుగా పలికే ఒక నల్ల మిషన్ ఎంచి, స్క్రూడ్రైవర్‌తో దాని స్ప్రింగులు బిగించింది. కాగితం వెనక ఇంకో మందపాటి కాగితం పెట్టించింది. కొన్నాళ్లకే చిల్లులు పోయాయి. చదువంటే మనమే వంగి దానిలో ఇమడాలని బడిలో నేర్చుకున్నదాన్ని నేను. వస్తువును విప్పి మనిషికి తగ్గట్టు దిద్దే టీచర్‌ను అప్పుడే చూశాను.

పరీక్ష నిజామాబాద్‌లో. టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే మోసుకుపోవాలి, తెలియనివాళ్లు చెబితే నమ్మరు. ఆపా మిషన్లన్నిటికీ పాత బొంతలు చుట్టి ట్రాలీ ఆటోలో ఎక్కించింది. మా అవ్వ కూడా వచ్చింది, నా మీద ప్రేమతోనో, తప్పితే అక్కడి నుంచే పట్టుకుపోదామనో. చాట, ఆకు, దారం వెంట తెచ్చుకుంది. కూర్చున్న చోట చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు తోచదు.

సెంటర్ వరండాలో బొంత విప్పి కొట్టి చూశాను. ఒక అక్షరం మీదే ఇంకో అక్షరం పడుతోంది. కొట్టినప్పుడల్లా కాగితాన్ని పక్కకు లాగే సన్నటి పట్టీ ఒకటుంటుంది, దారి కుదుపులకు అది తెగిపోయింది. ఆపా తన సంచి బోర్లించింది. నూనె డబ్బా, రిబ్బన్లు, స్ప్రింగులు అన్నీ ఉన్నాయి. వెంట తెచ్చిన ఒక్క పట్టీని మాత్రం అప్పుడే ఇంకో పిల్ల మిషన్‌కు వేసేసింది. ఖాళీగా ఉన్న మిషన్ కూడా లేదు. ఆమె చూపు వెతుకుతూ వెతుకుతూ మా అవ్వ చాట మీద ఆగింది.

"అక్కా, గా బీడీ దారం తియ్యి. నువ్వే పేను. తెగొద్దు, జారొద్దు."

"గీ మిషన్ల ముచ్చట నాకేమెరుక ఆపా?"

"మిషన్ ముచ్చట నాకెరుక. ముడి ముచ్చట నీకెరుక. గింత సన్నగ, గింత గట్టిగ ముడేసెటోళ్లు ఈడ ఇంకెవలున్నరు?"

అవ్వ చాట పక్కన పెట్టింది. పోగు మీద పోగు కలిపి తొడ మీద పేనింది. ఆపా లోపలి స్ప్రింగును తిప్పి బిగించి పట్టుకుంటే, అవ్వ వంగి కొక్కేనికి ముడి వేసి కొసను గోటితో లోపలికి ఒత్తింది. ఆపా ఒక మీట నొక్కింది. కాగితం ఒక్క అక్షరమంత జరిగింది. ఇంకొకటి నొక్కింది, ఇంకా జరిగింది. "అగో, నడుస్తున్నదే!" అని అవ్వ చిన్నపిల్లలా అరిచింది. అంతలో బెల్లు కొట్టారు.

లోపల ఏం కొట్టానో నాకు గుర్తు లేదు. పాసయ్యాను, ఆ సర్టిఫికెట్‌తోనే ఇవాళ నా ఉద్యోగం. బయట జరిగింది మాత్రం అవ్వ ఎన్నోసార్లు చెప్పింది, మొన్న నేను ఆపా ఇంటి నుంచి వచ్చాక కళ్లు తుడుచుకుంటూ మళ్లీ చెప్పింది. గోడ అవతల అన్ని మిషన్లూ ఒక్కసారే మొదలయ్యేసరికి రేకుల మీద వాన పడ్డట్టుందట. అవ్వకు చేతులు ఆడలేదు. "గిన్నిట్ల నా బిడ్డది నడుస్తున్నదో, ఆగిందో ఎట్ల తెల్వాలె ఆపా?" అని గొల్లుమన్నదట. ఆపా ఆమెను కిటికీ కింద కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని కాసేపు విన్నది. తర్వాత అవ్వ చెయ్యి తెరిచి, అన్ని చప్పుళ్లలో బరువుగా పడే ఒక దెబ్బతో పాటే అరచేతిలో తన వేలితో కొట్టడం మొదలుపెట్టింది.

"గిది నీ బిడ్డ" అన్నదట.

పరీక్ష అయ్యేదాకా ఆ వేలు ఆగలేదట.