ఊదారంగు పలచబడిన రోజులు

ఆదోనిలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మా అన్న కూతురు మొన్న ఫోన్ చేసి, ప్రోటీన్ కొలవడానికి వాళ్ల ల్యాబ్‌కు స్పెక్ట్రోఫోటోమీటర్ కొంటున్నారనీ, ఏది తీసుకుంటే మంచిదో చెప్పమనీ అడిగింది. మందు కలిపి రంగు తెప్పించి చూస్తారా, అతినీలలోహిత కాంతిలో నేరుగా చూస్తారా, కరెంటు నిలకడగా ఉంటుందా అని అడిగి, తోచింది చెప్పి ఫోన్ పెట్టేశాక, ఆ పూటంతా నాకు వేరే పని చేతకాలేదు.

ఎమ్మిగనూరులో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో నేను కొత్తగా చేరిన రోజులవి. రక్తం పేరుకున్నాక పైన తేలే సీరంలో నీలిరంగు మందు కలిపితే ఊదారంగు వస్తుందనీ, ప్రోటీన్ ఎంత ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుందనీ మీలో ఆ పని చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ చిక్కదనం చూపించే మా పాత కలరిమీటర్ ముల్లు, వీధిలో పిండిమర మొదలై కరెంటు తగ్గితే చాలు, ఒకచోట నిలిచేది కాదు. కొత్తది ఎంచే పని డాక్టరమ్మ నామీదే పెట్టింది. అతినీలలోహిత దీపమున్న పెద్ద మిషన్ మీద మనసున్నా, మా పరీక్షలకు మామూలు వెలుతురు చాలు కాబట్టి, ఆ దీపం పోతే మళ్లీ హైదరాబాదు దిక్కే కాబట్టి, అంకెలు చూపించే చిన్నది చాలన్నాను. ఒకే నమూనాను ఎన్నిసార్లు పెట్టినా ఒకే అంకె రావాలని మాత్రం పట్టుబట్టాను. అలాంటిదే వచ్చింది. ఒక వస్తువును చూసి నేనంత గర్వపడింది మళ్లీ లేదు.

ఆ కొత్తలోనే హాలహర్వి దగ్గరి పల్లె నుంచి కూలిపని చేసుకునే ఒకాయన తన కూతురిని తీసుకొచ్చాడు. మూత్రపిండాల జబ్బుతో ప్రోటీన్ అంతా మూత్రంలో పోయి, ఆ పిల్ల ముఖం, కాళ్లు ఉబ్బి ఉండేవి. మందులు వాడుతూ, వచ్చినప్పుడల్లా రక్తం చూసేవాళ్లం. చూసినప్పుడల్లా రంగు ఇంకాస్త పలచబడేది. తండ్రి గుమ్మంలో నిలబడి నా ముఖమే చూసేవాడు. ముఖంలో తెలియకుండా దాచుకోవడం నాకు వచ్చేది కాదు.

ఒకరోజు ఆయన మూలనున్న పాత కలరిమీటర్ చూపించాడు.

“ఒక్కసారి ఆ పాతదాంట్లో సూడు తల్లీ. మా పక్కింటామెకు దాంట్లోనే సూసి, బాగుండాదని సెప్పినారు.”

కాదనలేక పెట్టాను. ముల్లు వణికి వణికి, కొత్త మిషన్ చెప్పినదానికి కాస్త పైన ఆగినట్టే ఆగి, కిందికి జారింది. అది కరెంటుకు ఊగుతుందప్పా, నమ్మేదానికి లేదు అన్నాను.

“ఊగినా పైకే పోయింది కదమ్మా,” అన్నాడాయన.

రిపోర్టులో కొత్త మిషన్ అంకే రాశాను. డాక్టరమ్మ వాళ్లను కర్నూలు పెద్దాసుపత్రికి పంపించింది.

శనగ కోతల కాలంలో ఆయన ఒక్కడే వచ్చాడు. “పాప లేదమ్మా. ఈ దావన పోతాండా, సెప్పి పోదామని వచ్చినా,” అని, కుర్చీ జరిపినా కూర్చోకుండా వెళ్లిపోయాడు. ఆ పూట నమూనాలను ఒక్కొక్కటే కొత్త మిషన్‌లో రెండేసిసార్లు పెట్టి చూశాను.

ఇప్పుడు రక్తం ఇచ్చి ఇల్లు చేరేలోగా రిపోర్టు ఫోన్‌లోకి వస్తుంది. ఆ రక్తం చూసిందెవరో మనకు తెలియదు, మనమెవరో చూసినవాళ్లకు తెలియదు. అంకెలు మా కాలంకన్నా నమ్మకమైనవే, కాదనను. కానీ ఆ అంకె చూసి గుండె జారినవాళ్లు, ఇంకోసారి చూడమని ఎవరిని బతిమాలుకుంటారో నాకు తెలియడం లేదు.