సేటు అరగదీసిన గీత

పాత సైకిళ్లంటే గట్టి మాల్, అప్పటి ఇనుమే వేరు అని ఎవ్వరన్న అంటే నాకు నవ్వొస్తది. ఆ మాల్ జేసినోళ్లల్ల నేనొకదాన్ని. తెలంగాణ రాకముందు, ఉప్పల్ల మెట్రో పిల్లర్లు ఇంకా లేవనప్పుడు, నాచారంల ఒక రేకుల షెడ్డుల ప్యాకింగ్ పని జేసిన. మా దగ్గర సైకిల్ స్టెమ్ములు తయారైతుండె. స్టెమ్మంటే హ్యాండిల్‌ను పట్టి నిలబెట్టే గొట్టం. పైన ఏడు అంకె లెక్క వంగి ఉంటది, కిందికొస ముందటి చక్రం పట్టుకునే ఫోర్కుల దిగుతది. అది ఊడిందంటే హ్యాండిల్ చేతిలకొస్తది, మనిషి రోడ్డు మీదికి పోతడు.

మాకొక క్వాలిటీ సారు ఉండె. ఆయన జేబుల ఎప్పుడూ చిన్న దువ్వెన. నికెల్ పూత అయినంక స్టెమ్ము చేతిలకు తీస్కోని, దాంట్ల మొఖం సూస్కుంట క్రాపు దువ్వుకునేటోడు. పాపిట కనబడితే పాస్, కనబడకపోతే ఫెయిల్. వెల్డింగ్ అతికిందా, లోపల పగులుందా అనే ముచ్చట్లు ఆ దువ్వెనకు అక్కరలేదు.

స్టెమ్ము మీద కింది దిక్కు ఒక గీత కొడుతుండె. సైకిల్‌కు ఎక్కిచ్చినప్పుడు ఆ గీత ఫోర్కు లోపల్నే ఉండాలె. బయటికి కనబడిందంటే హ్యాండిల్ మరీ పైకి గుంజినట్టు, ఎప్పుడన్నా ఊడొస్తది. సదువు రానోనికి గూడ సమజయ్యే గీత. అయితే కాప్రా దిక్కు దుకాణపోళ్లు డబ్బాలు ఇప్పి సూసి, గీతలు పడ్డ మాల్ పంపుతున్నరేంది అని వాపస్ జేసుడు షురూ జేసిన్రు. గీత ఎందుకుందో వాళ్లకు జెప్పొచ్చు. డబ్బాల ఒక కాగితం ముక్క వెయ్యొచ్చు. గంత సులువు తోవల పోతే మా షెడ్డు ఓనరు సేటెట్లైతడు? పూతకు పోకముందే గీతను మెరుగు పెట్టే బఫింగ్ మోటర్ మీద పెట్టి అరగదీయమన్నడు.

"గీత పోతే కంప్లైంట్ పోతది," అన్నడు. పోయింది గూడ. క్వాలిటీ సారు పాపిట ఇంకింత సాఫుగ కనబడబట్టె.

ఆ ఏడు దసరాకు మిషన్లకు పూజ జేసి, సేటు పనోళ్లందరికి మిఠాయి డబ్బా, దానితోని ఒక కొత్త స్టెమ్ము ఇచ్చిండు. పక్క షెడ్డోళ్లకు స్టీలు గిన్నెలొచ్చినయ్. దీంతోని చారు గాసుకోవాల్నా అని ప్యాకింగ్ ఆడోళ్లమంత నవ్వుకున్నం. మా ఇంటాయన మాత్రం మస్తు మురిసిండు. మా సైకిల్‌ది తుప్పు పట్టి ఉండె. చిల్కానగర్ల మా కిరాయింటి ముందట కూసోని, ఆయనే పాతది పీకి కొత్తది ఎక్కిచ్చిండు.

ఆయన తాటిచెట్టంత మనిషి. బిడ్డను ముందటి రాడు మీద చిన్న సీటుల కూసోబెట్టుకోని బడికి తోల్కపోతుండె. వంగి తొక్కితే గడ్డం పిల్ల నెత్తికి తగులుతుందని హ్యాండిల్ పైకి గుంజిండు. బిడ్డ ఎదిగినకొద్ది ఇంకింత గుంజిండు.

"అంత పైకొద్దయ్యా, దింపు. గీత దాటితే ఊడొస్తది," అన్న.

ఆయన వంగి స్టెమ్మును సూసిండు, నన్ను సూసిండు. "గీత యాడుందే? సూపియ్యి, ఇప్పుడే దింపుత."

ఏం సూపియ్యాలె? అద్దం లెక్క మెరుస్తుంది. షెడ్డుల గీత అరగదీసిన్రని జెప్తే పడి పడి నవ్విండు.

"కావాలని ఎవడన్న గట్ల జేస్తడా? డబ్బాలు గట్టేదానివి, నీకేమెరుక?"

ఆయననేం అంటం? తెలివున్నోడు నమ్మే ముచ్చట గాదది. గీత ఉన్న స్టెమ్ము ఒకటన్న తెచ్చి సూపిద్దామంటే, గేటు కాడ మా సంచులు తడిమి సూస్తరు. మాల్ బయటికి పోకుండ కాపలా మాత్రం మస్తు గట్టిది. రోజూ పొద్దున వాళ్లిద్దరు సందు మలుపు తిరిగేదాంక నేను వాకిట్ల నిలబడే ఉంటుంటి.

మరుసటేడు వానలకు ఉప్పల్ రోడ్డు గుంతలు పడ్డది. ఒక పొద్దున బడికి పోతుంటే ముందటి చక్రం గుంతల దిగింది. పైకి లేపుదామని ఆయన హ్యాండిల్ గుంజిండు. అది స్టెమ్ముతోసహ చేతిలకొచ్చింది. వెనకొస్తున్న బస్సు డ్రైవర్ బ్రేకేసిండు గాబట్టి బతికిన్రు. కబురు దెలిసి నేను దవాఖానాకు ఉరికిన. ఆయన మోచేతులు చెక్కుకపోయినయ్. బిడ్డకు ముందటి పండ్లు పోయి, కింది పెదవి చీలింది. కుట్లేస్తుంటే అది నా చెయ్యి గట్టిగ పట్టుకోని ఏడ్సింది. ఆయన గోడ దిక్కు తిరిగి కూసున్నడు. గీత ముచ్చట మళ్ల నన్ను అడగలే.

సాయంత్రం సేటు మా ఇంటికి వచ్చిండు. పండ్లు రాలిన పిల్లకు ఆపిల్స్ పట్టుకొచ్చిండు.

"పాలపండ్లే గదమ్మా, మళ్ల మొలుస్తయ్," అన్నడు. తర్వాత మంచం కింద పెట్టిన హ్యాండిల్ తీసి ట్యూబులైట్ కింద అటిటు తిప్పి సూసిండు. "అంత పడ్డా పూత లేవలే," అని తల ఊపిండు. నోరు తెరిస్తే పని పోతది, బిడ్డకు మందులు యాడికెళ్లి తేవాలె? ఆపిల్స్ తీస్కోని పక్కకు పెట్టిన.

మళ్ల పనిలకు పోయిన పొద్దున షెడ్డు ముందట సేటు కొడుకు సైకిల్ స్టాండేసి ఉంది. మా షెడ్డు స్టెమ్మే దానికి. స్పానర్ ఫిట్టర్‌కు ఇయ్యకుండ సేటే పట్టుకున్నడు. నట్టు వదులు జేసి హ్యాండిల్ కిందికి దింపిండు. బొటనవేలు పెట్టి కొలుసుకోని, సాలలేదని ఇంకింత దింపిండు. బిగిచ్చినంక ముందటి చక్రం కాళ్ల నడుమ పట్టి హ్యాండిల్ గట్టిగ గుంజి సూసిండు. కదలలే. గీత లేకున్నా యాడిదాంక దిగాల్నో ఆయనకు మంచిగనే ఎరుక. చేతులు తుడుసుకోని లోపలికి పోయి, బఫింగ్ మోటర్ ఇంకెందుకు షురూ జెయ్యలేదని అందరిని కసిరిండు.